ఆటలో లేని పిల్లలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఊరేగింపులో కొమ్ములు, డోళ్లు మోగుతుంటే మన పిల్లలు చేతులు పట్టుకుని రేల ఆడారు. చూస్తుంటే కడుపు నిండింది. మేము వార్డెన్లం కదా, ఎక్కడికి పోయినా తలలు లెక్కపెట్టే అలవాటు. ఆ వరుసలో మా హాస్టల్ పిల్లలను లెక్కపెట్టాం, అందరూ ఉన్నారు. అప్పుడు ఇంకో లెక్క గుర్తొచ్చింది. ఈ ఆటలో లేని పిల్లలు ఎంతమంది? నడక రానందుకు, చెవులు వినపడనందుకు, మాట రానందుకు, మూర్ఛ వస్తుందన్న భయానికి ఈ రోజు కూడా గుడిసెలో నులక మంచం మీద ఉండిపోయిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది?

చదువు గురించి మాట్లాడమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఆ పిల్లల గురించే మాట్లాడతాం. వాళ్ల చదువు బడిలో కన్నా ముందు ఆసుపత్రిలో మొదలవుతుంది కాబట్టి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం.

కొన్నేళ్ల కింద మా హాస్టల్లో మూడో తరగతిలో ఒక పాప చేరింది. పిలిస్తే పలికేది కాదు. అన్నం గంట కొట్టినా చివరికి వచ్చేది. మేము మొండిది అనుకున్నాం. టీచర్లు తెలివి తక్కువ అనుకున్నారు. రెండేళ్లు కేకలేశాం, వెనక బెంచీలో కూర్చోబెట్టాం. తర్వాత ఒక రోజు ఆరోగ్య బృందం హాస్టల్‌కి వచ్చింది. డాక్టరమ్మ ఆ పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పాప తిరగలేదు. చెవుల్లోకి లైటు వేసి చూస్తే రెండు చెవుల్లోనూ చీము. చిన్నప్పటి నుంచీ కారుతోందట. తలకు నూనె రాసినప్పుడల్లా వాసన మాకూ వచ్చింది, స్నానం సరిగ్గా చేయలేదని తిట్టాం. మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం. పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసైనవాళ్లం. అయినా మాకు కనపడలేదు.

చెవి డాక్టరు దగ్గర నెలల తరబడి మందు వాడించాం, ఆ తర్వాత వినికిడి మిషన్ పెట్టారు. పాప ఇప్పుడు వింటోంది, చదువుతోంది. పోయిన ఆ రెండేళ్లను మాత్రం ఏ మిషనూ తిరిగి ఇవ్వలేదు. ఈ ముచ్చట సభలో ఎందుకు చెబుతున్నామంటే, హాస్టల్ పెట్టె మీద పేరు రాసుకుని మా కళ్ల ముందు తిరిగిన పిల్లనే మేము గుర్తు పట్టలేదు. మరి అడవి లోపలి గుంపులో మంచం మీద ఉన్న పిల్లను ఎవరు గుర్తు పట్టాలి? తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరే.

ఇప్పుడు రెండో ముచ్చట. చర్ల రోడ్డు పక్క ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర ఎనిమిదో తరగతి చదివేది. ప్రతి సెలవుకూ ఇంటికి పోయి వచ్చాక నాలుగు రోజులు మాట్లాడేది కాదు. అడగ్గా అడగ్గా చెప్పింది. తమ్ముడికి ఐదేళ్లు, కూర్చోలేడు, కాళ్లు కత్తెర లాగా ఒకదాని మీద ఒకటి బిగుసుకుపోతాయి. పుట్టినప్పుడు ఏడవలేదట. వాగు పొంగి అంబులెన్సు రాలేదు, కాన్పు ఇంట్లోనే అయింది. వాళ్లమ్మ వాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి ఐదుసార్లు పోయింది. ఫిజియోథెరపిస్టు కాళ్లు చాపించి, కూర్చోబెట్టి, వ్యాయామం చేయించింది. వారం వారం రమ్మంది. ఇంతలో మిర్చి ఏరే రోజులు వచ్చాయి. ఆ కూలీ పోతే ఏడాది అప్పు తీరదు. మిర్చి అయ్యాక తునికాకు. ఆకు అయ్యాక వాన, దుక్కి. మళ్లీ ఆసుపత్రి ముఖం చూసేసరికి ఏడాది దాటింది. అంతకు ముందు సాగిన మోకాలు మళ్లీ బిగుసుకుంది. అక్కడ ఒకరు ఆ తల్లిని, "ఇన్నాళ్లు ఏం చేశావమ్మా, ఇప్పుడొచ్చి ఏం లాభం" అన్నారట. ఆమె మళ్లీ పోలేదు.

ఇందులో తల్లి తప్పు ఎంత? మేము చాలా ఆలోచించాం. మనవాళ్లకు ఆసుపత్రి అంటే సూది. జ్వరం వస్తే పోతాం, సూది వేస్తారు, తగ్గుతుంది, వచ్చేస్తాం. థెరపీ సూది లాంటిది కాదు. అది పోడు లాంటిది. ఒకరోజు నరికి వదిలేస్తే మళ్లీ పొద పెరుగుతుంది. ఆసుపత్రిలో వారానికి అరగంట చేయిస్తారు. మిగతా వారమంతా పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు. ఆ అరగంట మనకు నేర్పడానికి. అసలు వైద్యం ఇంటి దగ్గరే జరుగుతుంది. ఈ ఒక్క మాట ఆ తల్లికి అర్థమయ్యేలా, ఆమె భాషలో, ఎవరూ చెప్పలేదు.

వంకర పాదాల సంగతి చూడండి. పాదాలు లోపలికి తిరిగి పుట్టే పిల్లలను మీరూ చూసే ఉంటారు. పుట్టిన కొద్ది రోజుల్లో తీసుకుపోతే డాక్టర్లు వారం వారం పట్టీ మారుస్తూ, పాదాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ పోతారు. ఐదారు పట్టీలతో పాదం దారిలోకి వస్తుంది. చాలామందికి మడమ వెనక నరం లాంటి స్నాయువును కోస్తారు, అది చిన్న పని. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో పని చేసిన పొన్సెటి అనే డాక్టరు చూపిన పద్ధతి ఇది, ఇప్పుడు లోకమంతా ఇదే చేస్తారు. కానీ పట్టీలు అయ్యాక బూట్లు ఉంటాయి, మధ్యలో కడ్డీ ఉంటుంది. మొదటి మూడు నెలలు రోజంతా, ఆ తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రి పూట వేయాలి. పాదం చక్కగా అయింది కదా అని మనవాళ్లు బూట్లు చూరులో చెక్కేస్తారు. పాదం మళ్లీ తిరుగుతుంది. డాక్టరు చేసింది రెండు నెలల పని, ఇల్లు చేయాల్సింది నాలుగేళ్ల పని.

ఇక, ఎక్కడ ఏముందో తెలుసుకోండి. రాసుకునేవాళ్లు రాసుకోండి.

2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పథకం వచ్చింది. అందరూ ఆర్‌బీఎస్‌కే అంటారు. ఇద్దరు డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు బండిలో వస్తారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి, హాస్టల్‌కి ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాహార లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు చూస్తారు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు. ఆ బండి వచ్చిన రోజు మన పిల్లవాడు అంగన్‌వాడీలో లేకపోతే వాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. నడవలేని పిల్లవాణ్ని అంగన్‌వాడీకి ఎవరు తీసుకుపోతారు? అందుకే ఆ రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్‌ని ముందే అడిగి, పిల్లవాణ్ని ఎత్తుకుపోయే పని మీది.

వాళ్లు రాసిచ్చిన పిల్లలను చూడడానికి జిల్లా పెద్దాసుపత్రి స్థాయిలో డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉంటుంది. డీఈఐసీ అని అడగండి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట చూసేవారు, కంటి పరీక్ష చేసేవారు, సైకాలజిస్టు, ప్రత్యేక టీచరు ఒకే చోట ఉండాలన్నది దాని ఉద్దేశం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, పుట్టగానే ఏడవని బిడ్డలు, కామెర్లు ముదిరిన బిడ్డలు నవజాత శిశువుల వార్డు నుంచి ఇంటికి పంపాక కూడా చూపించుకుంటూ ఉండాలి. బిడ్డ బతికింది కదా అని ఆ చీటీ పారేయకండి.

ఇంకా దగ్గరిది భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడుస్తాయి. అక్కడ ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీకి రోజులు పెట్టి పిలుస్తారు. కదలలేని పిల్లలకు ఇంటికి వచ్చి చదువు చెప్పే పద్ధతి కూడా ఉంది. వీల్‌చైర్లు, కాలిపర్లు, వినికిడి మిషన్లు కేంద్ర ప్రభుత్వం వాళ్ల అలిమ్‌కో సంస్థ క్యాంపులు పెట్టి ఇస్తుంది. కొలత తీసుకున్న రోజు ఒకటి, ఇచ్చే రోజు ఇంకొకటి. రెండో రోజు పోకపోతే మొదటి రోజు పోయిన చార్జీ దండగ.

చార్జీ అంటే గుర్తొచ్చింది. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు. భద్రాచలం నుంచి కొత్తగూడెం 40, ఖమ్మం 120. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చాలు. తల్లి పోగలదు. రోడ్డు దాకా ఆమె వెంట నడిచేవాళ్లు, బిడ్డను మోసేవాళ్లు కావాలి. ఆరేడేళ్ల బిడ్డను సంకన పెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి చూడండి, ఆమె ఎందుకు మానేసిందో తెలుస్తుంది.

సర్టిఫికెట్ సంగతి ఒక మాట. మనవాళ్లు సదరం క్యాంపుకి పోతారు, శాతం రాయించుకుంటారు, పెన్షన్ పెట్టుకుంటారు. 40 శాతం ఉంటే పెన్షన్. అది హక్కు, తీసుకోవాలి. 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలు అయింది. కానీ చాలా ఇళ్లలో ఆసుపత్రి అంటే ఆ ఒక్క రోజే. థెరపీ చేయిస్తే శాతం తగ్గి పెన్షన్ పోతుందేమో అని భయపడ్డ తండ్రిని మేము చూశాం. ఆయనను ఏమీ అనలేకపోయాం, ఆ ఇంట్లో నెలకు కచ్చితంగా వచ్చే డబ్బు అదొక్కటే. కానీ అడిగాం: "నువ్వు పోయాక వాడి నోట్లో ముద్ద ఎవరు పెడతారు? ఆ ముద్ద వాడే పెట్టుకోగలిగితే?" ఆయన చాలాసేపు నేల చూశాడు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నిరామయ అని ఒక బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. మన ఊళ్లలో దాని పేరే వినలేదు.

ఇప్పుడు గుర్తు పట్టడం ఎలాగో చెబుతాం. రెండు నెలలకు తల్లిని చూసి నవ్వాలి. నాలుగు నెలలకు మెడ నిలబడాలి. ఆరు నెలలకు చప్పుడు వైపు తిరగాలి. ఎనిమిది, తొమ్మిది నెలలకు కూర్చోవాలి. ఏడాదిన్నరకు నడవాలి. రెండేళ్లకు రెండు మాటలు కలపాలి. కొందరు పిల్లలు కొంచెం అటూ ఇటూ అవుతారు. కానీ ఈ గడువులు దాటితే "వాళ్ల తాత కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ఆగకండి, చూపించండి. మెదడు ఎక్కువగా పెరిగేది మొదటి మూడేళ్లలోనే. వినపడని బిడ్డకు చెవి లోపల యంత్రం పెట్టే ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది, అది పసితనంలోనే చేయాలి, ఆ తర్వాత మాట నేర్పే శిక్షణ నెలల తరబడి ఉంటుంది. పదేళ్లకు తీసుకుపోతే డాక్టరు కూడా ఏం చేస్తారు?

మాట అన్నాం కాబట్టి, ఇది మన సభ కాబట్టి, ఇంకొకటి చెప్పాలి. నాలుగేళ్ల కోయ పిల్లను ఒక చోట మాట పరీక్షకు తీసుకుపోయాం. నీళ్ల బొమ్మ చూపించారు. పిల్ల "ఏర్" అంది. మన భాషలో ఏర్ అంటే నీళ్లే కదా. ఎదుటివారికి ఏరు అంటే వాగు. తప్పు అని రాయబోయారు. మేము పక్కన ఉన్నాం కాబట్టి చెప్పాం, వాళ్లు నవ్వి సరిదిద్దుకున్నారు. మేము లేకపోతే? ఆ పిల్లకు లేని లోపం ఒకటి కాగితం మీదకు ఎక్కేది. మన భాష వచ్చినవాళ్లు ఒకరు వెంట ఉంటే పిల్ల నోరు తెరుస్తుంది, తల్లి ధైర్యంగా అడుగుతుంది, థెరపిస్టు చెప్పింది ఇంటి దాకా చేరుతుంది. కోయ రావడం సిగ్గు అనుకునే తమ్ముళ్లకు చెబుతున్నాం, ఆసుపత్రి వరండాలో మీ భాష ఒక మందు.

సరిహద్దు బాధ కూడా ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు మన చుట్టాలంతా ఆంధ్రలోకి పోయారు. అటు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. పిల్లకు బాగా లేకపోతే అందరికీ గుర్తొచ్చేది భద్రాచలమే. కానీ కార్డు ఒక రాష్ట్రానిది, పెన్షన్ ఇంకో రాష్ట్రానిది, కొందరికి ఆధారే లేదు. గట్టు ఒకటే, వేల్పు ఒకటే, కాగితాలు మూడు. బిడ్డను చూడడానికి కాగితం అడ్డం కాకూడదు. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందే కనుక్కుని, ఆ తల్లిని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరగకుండా చూడడం చదువుకున్న మనవాళ్లు చేయగలిగిన సేవ.

పెద్దలు ఉన్నారు, నొప్పించాలని కాదు, ఒక మాట అడుగుతాం. బిడ్డకు నడక రాకపోతే ముందు తల్లిని అనుమానిస్తాం. గ్రహణంలో బయటకు వచ్చిందంటాం, ఎవరో చేశారంటాం, వేల్పుకు కోపం వచ్చిందంటాం. ఇలవేల్పుకు మొక్కండి, మేమూ మొక్కుతాం. మొక్కు తల్లికి ధైర్యం ఇస్తుంది. కానీ బిడ్డ ఒంటి మీద వాతలు పెట్టించకండి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపించకండి, ఆపితే మూర్ఛ ఎక్కువవుతుంది. వడ్డె తాతలు ఒక్క మాట అంటే చాలు: "మొక్కు మొక్కాను, ఇప్పుడు దవాఖానాకు పో." మేము వంద మీటింగులు పెట్టినా రాని ఫలితం ఆ మాటతో వస్తుంది.

మన పాత అలవాట్లలో మంచివి కూడా ఉన్నాయి. కాళ్లు కత్తెర పడే బిడ్డను ఎలా ఎత్తుకోవాలో ఫిజియోథెరపిస్టు చూపించింది: సంకన, కాళ్లు నడుముకు రెండు వైపులా వచ్చేలా. మన అమ్మలు ఎప్పటి నుంచో ఎత్తుకునేది అలాగే. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో కొండ పల్లెల్లో వికలాంగులతోనే కలిసి పని చేసి 1987లో ఒక పుస్తకం రాశాడు. ఖరీదైన సామాన్లు అక్కర్లేదు, ఊళ్లో దొరికే కర్రతో, గుడ్డతో పిల్లలకు కావాల్సినవి చేసుకోవచ్చని అందులో బొమ్మలు వేసి చూపించాడు. నడక నేర్చుకోవడానికి రెండు గడలు కట్టడం కూడా ఉంది. వెదురుకు మనకు కరువా?

ఇందాక చెప్పిన ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి అదే చేసింది. వేసవి సెలవుల్లో తల్లితో కలిసి తమ్ముణ్ని మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయింది. థెరపిస్టు చేసి చూపించిన ఆరు వ్యాయామాలను నోట్‌బుక్కులో బొమ్మలుగా గీసుకుంది. పక్కన కోయలో, తెలుగు అక్షరాలతో రాసుకుంది. తల్లికి నేర్పింది, అవ్వకు నేర్పింది. మిర్చికి తల్లి పోతే అవ్వ చేయించింది. వాకిట్లో బాబాయి నడుము ఎత్తున రెండు వెదురు గడలు పాతాడు. గోడ మూల దగ్గర మెత్త పెట్టి కూర్చోబెట్టడం నేర్పారు. పడుకోబెట్టి కాకుండా కూర్చోబెట్టి తినిపించడం నేర్పారు, దగ్గు తగ్గింది. నాలుగేళ్లయింది. వాడు పరుగెత్తడం లేదు, అబద్ధం చెప్పం. గడలు పట్టుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. అన్నం తానే తింటాడు, సగం కింద పోస్తాడు. బడికి పోతాడు. పెన్షన్ కూడా అలాగే వస్తోంది. ఆ అక్క ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

వాడి బడి ముచ్చట చెప్పి ఊరుకుంటే మాకు న్యాయం కాదు. ఒక జూన్‌లో ఒక తండ్రి నడవలేని కూతుర్ని భుజాన ఎత్తుకుని మా హాస్టల్‌కే వచ్చాడు. బాత్రూములు దూరం, మెట్లు ఉన్నాయి, మా వల్ల కాదు అని పంపేశాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల వరకు తన ఊరి దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఆ పిల్లకు ఉంది. అది అప్పుడు మాకు తెలియదు. తెలిసాక మెట్ల మీద చెక్క పరిచాం, ప్లాస్టిక్ కుర్చీకి రంధ్రం చేసి బాత్రూంలో పెట్టాం. ఖర్చు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత తక్కువ. ఆ అమ్మాయి మరుసటి ఏడాది చేరింది. పోగొట్టిన ఆ ఏడాది మా లెక్కలో రాసుకున్నాం.

కాబట్టి యువతకు మేము అడిగేది నాలుగు పనులు. ఒకటి, మీ గుంపులో ఆటలో లేని పిల్లల పేర్లు ఈ వారం రాయండి. రెండు, ఆర్‌బీఎస్‌కే బండి వచ్చే రోజు వాళ్లను అక్కడ ఉంచండి. మూడు, ఒక్కో పిల్లవాడికి ఒక్కో తోడు. ఆసుపత్రికి తల్లి వెంట పోవాలి, చెప్పింది ఫోనులో వీడియో తీసుకోవాలి, మిర్చి రోజుల్లో తల్లి లేని పూట ఆ వ్యాయామం చేయించాలి. నాలుగు, మీలో కొందరు ఈ చదువే చదవండి. ఇంటర్ బైపీసీ అంటే నర్సింగ్ ఒక్కటే కాదు. ఫిజియోథెరపీ ఉంది, వినికిడి, మాటల కోర్సు ఉంది, ఇంటర్ తర్వాత రెండేళ్ల ప్రత్యేక డీఎడ్ ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం జాతీయ సంస్థే ఉంది, అక్కడ కోర్సులు నడుస్తాయి. ఇన్నేళ్లలో కోయలో మాట్లాడే స్పీచ్ థెరపిస్టు మాకు ఒక్కరూ ఎదురుపడలేదు. ఆ మొదటి మనిషి ఈ సభలోనే కూర్చుని ఉండవచ్చు.

ఒకప్పుడు మన ఊళ్లలో పోలియోతో కాలు చచ్చుబడిన వాళ్లు ఉండేవారు, పెద్దలకు గుర్తే. 2014లో దేశం పోలియో లేని దేశం అయింది. రెండు చుక్కలు పట్టుకుని వాగులు దాటి ప్రతి గుడిసెకూ ఎవరో ఒకరు వచ్చారు కాబట్టే అయింది. థెరపీకి చుక్కల మందు లేదు. కానీ గుడిసె గుడిసెకూ పోయే కాళ్లు మీకు ఉన్నాయి.

వచ్చే ఏడాది ఇదే రోజు మళ్లీ ఆట ఉంటుంది. ఆ వరుస కొంచెం నెమ్మదిగా తిరగనివ్వండి. గడలు పట్టుకుని నిలబడే పిల్లవాడికి ఇద్దరు చెరో చెయ్యి ఇవ్వండి. డోలు చప్పుడు వినపడని పిల్ల చేతిని డోలు మీద పెట్టండి, దెబ్బ ఆమెకు అందుతుంది. అప్పుడు మేము మళ్లీ తలలు లెక్కపెడతాం.

జై ఆదివాసీ.